నాయన పాత నోకియా 5233 టచ్‌స్క్రీన్ మీద గీతలు: ఇంట్లోనే ఏమైనా చేయొచ్చా?

గొబ్బిపూలు (కడప)

అందరికీ నమస్కారం. మాది కడప, ఏడు రోడ్ల దగ్గర. ఒక పాత ఫోన్ గురించి అడగాలి. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా నాయనకు 74 ఏళ్లు. యర్రగుంట్ల దగ్గర నాపరాయి గనుల్లో లెక్కలు రాసే పని చేసేవాడు. 2011లో మా అన్న మొదటి జీతంతో ఆయనకు నోకియా 5233 కొనిచ్చాడు. ఆ మరుసటి సంక్రాంతికి మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ, వాకిట్లో గొబ్బెమ్మల ముందు కూర్చుని పాటలు పాడుతుంటే నాయన అందులో రికార్డు చేశాడు. మొత్తం తొమ్మిది పాటలు. ఒకదాంట్లో మధ్యలో మేకపిల్ల అరుస్తుంది, జేజి పాట ఆపి దాన్ని తిట్టి మళ్లీ అందుకుంటుంది. రెండేళ్లకు జేజి పోయింది.

ఆ ఫోన్‌లో సిమ్ తీసేసి చాలా ఏళ్లయింది. కాల్స్‌కు నాయన దగ్గర వేరే బటన్ ఫోన్ ఉంది. దీన్ని మాత్రం సాయంత్రం వేపచెట్టు కింద మంచం వేసుకుని ఆ పాటలు వినడానికే వాడతాడు.

ఇక గీతల సంగతి. ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌ను వాలుగా పట్టుకుని చూస్తే రెండు రకాలు కనిపిస్తున్నాయి. ఒకటి, స్క్రీన్ అంతా వెంట్రుకల్లా సన్నగా అల్లుకున్నవి. గనిలో ఉన్నన్నాళ్లూ చొక్కా జేబులో రాతిదుమ్ముతో పాటే తిరిగింది కదా, అవి అప్పటివి. రెండోది, కింది భాగంలో ప్లే గుర్తు వచ్చే చోట నెలవంకల్లా మూడు గీతలు. నాయన వేలితో కాకుండా ఇంకు అయిపోయిన రీఫిల్ మొనతో నొక్కుతాడు, అందువల్ల పడినవి. వాటి మీద గోరు పెట్టి లాగితే తట్టుకుంటుంది.

అసలు బాధ ఏమిటంటే, ఈమధ్య ప్లే నొక్కితే పక్కనున్నది తగులుతోంది. నాలుగుసార్లు నొక్కితే గానీ పాట మొదలవదు. నాయన ఒక్క మాట అనడు. తుండుగుడ్డతో స్క్రీన్ తుడిచి మళ్లీ నొక్కుతాడు, మళ్లీ తుడుస్తాడు. అది చూస్తూ కూర్చోలేక ఇక్కడ రాస్తున్నా.

టౌన్‌లో ఒక అంగడిలో చూపిస్తే, "దీనికి టచ్ రాదు మేడమ్, కొత్తది తీసుకోండి" అని చేతిలో పెట్టేశారు. నెట్‌లో చూస్తే టూత్‌పేస్ట్ అంటారు, వంటసోడా అంటారు, అరటితొక్క, కోడిగుడ్డు తెల్లసొనలో పటిక, ఇత్తడి సామాన్లు తోమే పాలిష్ బ్రాసో... ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. మా అత్త విభూదితో రుద్దమంటోంది, వెండి కుందులు దాంతోనే తళతళలాడతాయి కదా అని. వీటిలో నిజంగా పనిచేసేది ఏది? ఉన్నది కూడా పోగొట్టుకోకుండా ఏం చేయాలి?

కర్నూలు కుర్రోడు

అక్కా, నా నింటెండో డీఎస్ లైట్‌కు టూత్‌పేస్ట్ పెట్టి చూశాను, నా అనుభవం చెప్తా. దానికి రెండు స్క్రీన్లుంటాయి, కిందది మాత్రమే టచ్. ఆటల్లో పుల్లతో గీకీ గీకీ కిందది తెల్లగా అయిపోయింది. తెల్ల పేస్ట్ కొంచెం తీసుకుని కళ్లద్దాలు తుడిచే గుడ్డతో రుద్దాను. సన్న గీతలు ముప్పావు వంతు పోయాయి, నిజం. కానీ రెండు తప్పులు చేశాను. ఒకటి, ఎక్కువసేపు రుద్దాను, మధ్యలో ఒకచోట మంచు పట్టినట్టు మసక వచ్చింది. రెండు, అంచులు మూయలేదు. పేస్ట్ పోయి స్క్రీన్‌కూ ఫ్రేముకూ మధ్య సందులో ఎండిపోయింది. మెత్తటి బ్రష్‌తో గీరి తీయడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది. చేసేముందు నాలుగు పక్కలా టేప్ వేయండి.

అరటితొక్క కూడా చూశాను. స్క్రీన్ జిడ్డయింది, అంతే.

వాచీల అంగడి (అనంతపురం)

అమ్మా, సప్తగిరి సర్కిల్ దగ్గర నాది వాచీ రిపేరు అంగడి. 38 ఏళ్లుగా ఇదే పని, పదిహేనేళ్లుగా ఫోన్లు కూడా చూస్తున్నాను. మీరు గీతలను రెండు రకాలుగా విడదీసి చెప్పారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది.

అన్నిటికంటే ముందు, ఆ తొమ్మిది పాటలూ ఇంకోచోట దాచండి. స్క్రీన్ ముట్టుకోక ముందే. 5233లో బ్లూటూత్ ఉంది, ఒక్కో పాటను మీ ఫోన్‌కు పంపుకోవచ్చు. ఏఎంఆర్ అనే రకంలో ఉంటే కొన్ని ఫోన్లలో మామూలు ప్లేయర్ పాడించకపోవచ్చు, వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్ వేసుకుంటే పాడుతుంది. రెండుచోట్ల కాపీ ఉందని విని చూసుకున్నాకే మిగతాది.

ఇప్పుడు ఆ స్క్రీన్ ఎలా తయారైందో చెప్తాను, అది తెలిస్తే ఏం చేయకూడదో మీకే అర్థమవుతుంది. ఇప్పటి ఫోన్ల మీద ఉండేది గాజు. మీ నాయన ఫోన్‌ది అలా కాదు, దాన్ని రెసిస్టివ్ టచ్ అంటారు. పైన పలచటి ప్లాస్టిక్ పొర, కింద గాజు. రెంటికీ లోపలివైపు కంటికి కనపడని కరెంటు పూత ఉంటుంది, ఇండియం టిన్ ఆక్సైడ్ అని. రెండూ అంటుకోకుండా మధ్యలో సూదిమొనంత చుక్కలు. మీరు నొక్కినప్పుడు పై పొర వంగి కింది గాజును తాకుతుంది. ఎక్కడ తాకిందో కరెంటు లెక్కతో ఫోన్‌కు తెలుస్తుంది. అందుకే దీనికి వేలే కానక్కర్లేదు, గోరు చాలు, పుల్ల చాలు, మీ నాయన రీఫిల్ అయినా చాలు.

ఆ పై పొర మందం సాధారణంగా మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. దాని మీద మళ్లీ గీతలు పడకుండా ఇంకా పలచటి గట్టి పూత ఉంటుంది. మా అంగడికి పాత హెచ్ఎంటీ వాచీలు వస్తాయి. వాటి అద్దం గాజు కాదు, యాక్రిలిక్ ప్లాస్టిక్, మందం మిల్లీమీటరు పైనే. దాన్ని బ్రాసోతో పది నిమిషాలు రుద్దితే కొత్తదానిలా వస్తుంది, ఎన్ని వందలు చేశానో లెక్కలేదు. నెట్‌లో చెప్పే చిట్కాలు చాలామటుకు అలాంటి మందపాటి ప్లాస్టిక్‌కు పనికొచ్చేవి. వాచీ అద్దం మీద అరిగిపోవడానికి సరుకు ఉంది. మీ ఫోన్ పొర మీద లేదు. ఆ గట్టి పూత కాస్త అరిగితే చాలు, కర్నూలు అబ్బాయి చెప్పిన మంచులాంటి మసక వచ్చేస్తుంది. అది మళ్లీ పోదు.

బ్రాసో వద్దంటాను. అందులో రుద్దే పొడితో పాటు ఘాటైన ద్రవాలు ఉంటాయి, అంచులోంచి లోపలికి దిగితే రెండు పొరల మధ్య తడి చేరుతుంది. అక్కడితో టచ్ పోయినట్టే. తెల్లసొన, పటిక, అరటితొక్క గీతను తీసేవి కావు. కాసేపు నింపి కనపడకుండా చేస్తాయి, ఎండగానే మళ్లీ కనిపిస్తుంది. కొబ్బరినూనె చుక్క రాసినా అంతే. ఖాళీలో నూనె నిండితే వెలుతురు చెదరదు, గీత మాయమైనట్టుంటుంది. తర్వాత దుమ్మంతా దానికే పట్టుకుంటుంది.

మీరు చేయదగింది ఇది. ఫోన్ ఆపి బ్యాటరీ తీసేయండి. స్క్రీన్ మీద ముందు ఊదండి, తర్వాత నీళ్లలో తడిపి గట్టిగా పిండిన పాత పంచెముక్కతో ఒత్తకుండా తుడవండి. ఈ పని విసుక్కోకుండా చేయాలి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా మీరే కొత్త గీతలు గీసినవాళ్లవుతారు. నాలుగు అంచులకూ, స్పీకర్ రంధ్రానికీ, కింది బటన్లకూ సెల్లోటేపు వేయండి. జెల్ కాని మామూలు తెల్ల పేస్ట్ కందిగింజంత. అదే పంచెముక్కను చూపుడువేలికి చుట్టి, బిడ్డ బుగ్గకు నూనె రాసినంత మెల్లగా, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు ఒక్క నిమిషం రుద్దాలి. మొదట ఒక మూల మీద చేసి చూడండి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక వెలుతురుకు వాలుగా పట్టి చూడాలి. బాగుంటేనే మిగతాది. మొత్తం మీద మూడుసార్లకు మించొద్దు.

గోరు తట్టుకునే ఆ మూడు గీతల జోలికి పోవద్దు. వాటిని అరగదీయాలంటే పొరే మిగలదు. వాటి మీద ఫిల్మ్ వేయాలి.

ఇంకో సంగతి. ప్లే నొక్కితే పక్కది తగలడానికి గీతలు కారణం కాకపోవచ్చు. ఈ రకం టచ్‌కు ఏళ్లు గడిచేకొద్దీ లెక్క తప్పుతుంది. సెట్టింగ్స్‌లో ఫోన్, అందులో టచ్ ఇన్‌పుట్ కిందికి పోతే కాలిబ్రేషన్ అని ఉంటుంది. అది చూపించే గుర్తుల మీద సన్నటి మొనతో సరిగ్గా మధ్యలో నొక్కండి. రీఫిల్ కాదు, అగ్గిపుల్ల మొండివైపు. రుద్దడం కంటే ముందు ఇది చేసి చూడండి.

హంద్రీ ఒడ్డున

వాచీల అంగడి అన్నా, మధ్యలో దూరుతున్నా. నాది మూడేళ్ల కిందటి మామూలు స్మార్ట్‌ఫోన్. దీని మీద గీతలకు కూడా పేస్ట్ పనిచేస్తుందా?

వాచీల అంగడి (అనంతపురం)

చేయదు బాబూ. అది గాజు, పేస్ట్‌లో ఉన్న పొడి దాన్ని కదిలించలేదు. కానీ గాజు మీద వేలిముద్రలు అంటకుండా ఒక పూత ఉంటుంది, అది మాత్రం పోతుంది. సీరియం ఆక్సైడ్ అని గాజు పాలిష్ పొడి ఒకటి దొరుకుతుంది, దాంతో గంటల తరబడి రుద్దితే సన్నవి తగ్గుతాయి. ఆ వేడికీ తడికీ ఫోన్‌కు జరిగే నష్టమే ఎక్కువ. టెంపర్డ్ గ్లాస్ వేసేయ్, దాని జిగురే సన్న గీతలను నింపేస్తుంది.

బండల మిషన్ (తాడిపత్రి)

అక్కా, నేను బండల పాలిష్ పనిలో ఉన్నాను. ఫోన్ల సంగతి నాకు తెలియదు, రుద్దడం మాత్రం తెలుసు. విభూది అన్నారు కాబట్టి రాస్తున్నా.

జనం పాలిష్ అంటే గీత పూడిపోవడం అనుకుంటారు. కాదు. గీత అక్కడే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న నేలను గీత అడుగు దాకా దించుతాం. నల్లబండకు మేము 60 నంబరు రాయితో మొదలుపెట్టి 120, 220, 400, 600 అని పోతాం, ఆఖర్న ఆగ్జాలిక్ యాసిడ్ పొడి. ఒక్కో నంబరు దాని ముందున్నది పెట్టిన గీతలను తీసి, తన సొంత గీతలు ఇంకా సన్నగా పెట్టి పోతుంది. కంటికి కనపడనంత సన్నవి అయినప్పుడు దాన్ని మనం మెరుపు అంటాం. నడుమ ఒక్క పెద్ద రేణువు దూరిందంటే మొత్తం పాడు. అందుకే నంబరు మార్చేటప్పుడల్లా బండను నీళ్లతో కడుగుతాం.

ఇప్పుడు విభూది చూడండి. అది ఏ నంబరో ఎవరికి తెలుసు? ఇంట్లో కాల్చిన పిడకల బూడిద అయితే దాంట్లో మట్టీ ఇసుకా ఉంటాయి. ఇసుక అంటే చాలామటుకు పలుగురాయి, గట్టితనం లెక్కలో పదికి 7. గాజే దాదాపు ఐదున్నర. మన నాపరాయి 3. వెండి కుంది మీద పడిన గీతలు మీకు కనపడవు, ఎందుకంటే అది ఎటుచూసినా మెరిసేదే. స్క్రీన్ అయితే అవతలికి కనపడాలి కదా, ప్రతి గీతా బయటపడుతుంది. ముగ్గుపిండి, ఎర్ర పళ్లపొడి, ఇటుకపొడి, ఉప్పు కూడా వద్దే వద్దు. వంటసోడా మెత్తటిదే గానీ పలుకులు పలుకులుగా ఉంటుంది. పేస్ట్ ఎందుకు నయమంటే, పళ్లు అరిగిపోకూడదని దాంట్లో పొడిని ఒకే మెత్తదనంతో వేస్తారు.

మీ నాయన గనిలో పనిచేశారన్నారు, ఆ చొక్కా జేబు ఒకసారి తిరగేసి దులపండి. మా మేస్త్రీ చొక్కా జేబులు ఎన్నిసార్లు ఉతికినా కుట్ల వెంట దుమ్ము రాలుతూనే ఉంటుంది. మీరు ఎంత బాగుచేసినా ఫోన్ పోయి మళ్లీ అదే జేబులో పడితే ఏం లాభం?

గొబ్బిపూలు (కడప)

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. తాడిపత్రి తమ్ముడూ, జేబు తిరగేశాను. కుట్టు మూలల్లో నిజంగానే బూడిదరంగు దుమ్ము, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతోంది. ఆయన గని మానేసి తొమ్మిదేళ్లయింది.

పాటలన్నీ బ్లూటూత్‌లో నా ఫోన్‌కు వచ్చేశాయి, అన్నకు కూడా పంపాను. అన్న బెంగళూరులో ఆఫీసు మెట్ల మీద కూర్చుని మేకపిల్ల పాట విన్నానని మెసేజ్ పెట్టాడు. ఇక నాయనను నా ఫోన్‌లోనే వినమని అడిగి చూశాను. "అమ్మ దీంట్లో పాడింది కదమ్మా" అన్నాడు. ఇంకేం మాట్లాడను?

వాచీల అంగడి అయ్యా, ఒక సందేహం. ఫిల్మ్ అన్నారు కదా, ఇక్కడ అంగళ్లలో ఎవరిని అడిగినా టెంపర్డ్ గ్లాసే చూపిస్తున్నారు. అది కోసి వేయొచ్చా?

వాచీల అంగడి (అనంతపురం)

వద్దమ్మా, మంచి పని చేశారు అడిగి. దీని మీద పొర వంగితేనే టచ్. పైన గాజు వేస్తే వంగదు, నొక్కినా ఫోన్‌కు తెలియదు. పాత స్టాకులో మెత్తటి ప్లాస్టిక్ స్క్రీన్‌గార్డ్ పెద్ద ఫోన్లకు వేసేది దొరుకుతుంది, ట్యాబ్‌లకు వేసేదైనా సరే. మీ స్క్రీన్ కొలత 3.2 అంగుళాలు, ఒక కాగితం మీద అచ్చు తీసుకుని కత్తిరించండి. ఒక్కో పక్కా అరమిల్లీమీటరు తక్కువే ఉండాలి. అంచు ఫ్రేముకు ఆనిందంటే ఫిల్మ్ ఉబ్బి తనంతట తానే నొక్కుకుంటుంది.

స్నానాల గదిలో బకెట్లో వేడినీళ్లు పోసి, ఆవిరి తగ్గాక అక్కడ కూర్చుని వేయండి. గాలిలో దుమ్మంతా అడుగుకు దిగిపోయి ఉంటుంది.

ఇవేవీ కుదరకపోతే ఆఖరి దారి టచ్ మార్చడం. దీంట్లో టచ్ వేరు, డిస్‌ప్లే వేరు. అంగడిలో "కాంబో" అనకండి, "5233 టచ్ ఒక్కటే" అని అడగండి. పాడైన ఫోన్లు కొనేవాళ్ల దగ్గర ఒక్కోసారి దొరుకుతుంది.

గొబ్బిపూలు (కడప)

ఆదివారం చేశాను. ఏమైందో ఉన్నదున్నట్టు చెప్తా.

ముందు కాలిబ్రేషన్. అగ్గిపుల్ల మొండివైపుతో గుర్తుల మీద నొక్కాను. బయటికి వచ్చి ప్లే నొక్కితే, ఒకే నొక్కుకు జేజి గొంతు. నాకు చేతులు వణికాయి. ఇన్నాళ్లూ గీతల వల్లేనని నేను టెన్షన్ పడుతూ కూర్చున్నది, అసలు కారణం అది కాదు.

పేస్ట్ రుద్దడానికి భయమేసింది గానీ, నేను ముందు ఒక మూల మీద చేశాను. నిమిషం గడియారం చూసుకుంటూ. తుడిచాక ఆ మూలలో వెంట్రుకల్లాంటివి సగానికి పైగా లేవు. ధైర్యం వచ్చి మిగతాది కూడా చేశాను, రెండుసార్లు. మూడోసారికి పోలేదు. ఎందుకంటే రెండోసారి తర్వాత పైన కుడిమూలలో, వెలుతురుకు తిప్పితే, పాలనీళ్లలా సన్నటి మసక కనిపించింది. స్క్రీన్ వెలిగినప్పుడు అది తెలియదు. టేప్ వేసిన చోట ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదు. గుడ్డ మీద చూస్తే పేస్ట్ తెల్లగా లేదు, బూడిదరంగుకు తిరిగింది. ముందు ఎంత తుడిచినా మిగిలిన గని దుమ్మేమో.

మూడు నెలవంకలు అలాగే ఉన్నాయి. ఏడు రోడ్ల దగ్గర ఒక అంగడి అబ్బాయి అటక మీది డబ్బాలు దించి పాత ట్యాబ్ స్క్రీన్‌గార్డ్ ఒకటి వెతికిచ్చాడు, ముప్పై రూపాయలు తీసుకున్నాడు. మొదటిది వంకరగా కోశాను, రెండోది కుదిరింది. ఫిల్మ్ కింద ఆ మూడు గీతలు ఇంకా కనిపిస్తాయి గానీ గోటికి తగలవు. ఒకచోట కందిబద్దంత గాలిబుడగ ఉంది.

జేబుల సంగతికి మా అమ్మ పాత పట్టుచీర అంచుతో చిన్న సంచి కుట్టింది. రీఫిల్ నేను దాచేశాను. నాయన సాయంత్రం మంచం చుట్టూ, దిండు కిందా వెతికి, చివరికి బొటనవేలి గోటితో నొక్కాడు. పాట మొదలైంది. తుండుగుడ్డ భుజం మీదే ఉండిపోయింది.

ఆ గాలిబుడగను ఏం చేయాలి అయ్యా?

వాచీల అంగడి (అనంతపురం)

చాలా సంతోషం తల్లీ. బుడగను సూదితో మాత్రం పొడవద్దు, కింది పొరకు తగులుతుంది. పంచెముక్క చుట్టిన వేలితో అంచువైపు మెల్లగా తోయండి, పోకపోతే వదిలేయండి. టచ్‌కు అడ్డం కాకపోతే దాంతో పనిలేదు. బ్యాటరీ ఒకసారి తీసి చూడండి, ఉబ్బి ఉంటే బల్ల మీద పెట్టి తిప్పినప్పుడు బొంగరంలా తిరుగుతుంది. దానిది బీఎల్-5జే, ఉబ్బితే వెంటనే మార్చేయాలి.

గొబ్బిపూలు (కడప)

ఇప్పుడే తీసి తిప్పాను. తిరగలేదు.